రాజమహేంద్రవరం నుంచి మన్యం మీదుగా అరకు దాకా కారు ప్రయాణం: మూడు రోజులు సరిపోతాయా?

గోదావరి గట్టు

సభ్యులందరికీ నమస్కారం. డిసెంబరు రెండో వారంలో కుటుంబంతో కలిసి రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, చింతపల్లి, పాడేరు మీదుగా అరకు వెళ్లాలనుకుంటున్నాం. జాతీయ రహదారి 16 మీద విశాఖ చేరి అక్కడి నుంచి అరకు ఎక్కడం అందరూ చేసేదే కాబట్టి, ఈసారి అడవిలోంచి, కొండల మీదుగా సాగే 516ఈ రహదారి మీదే పోవాలని ఉంది. కారు చిన్నదే, పెట్రోలుది, మాన్యువల్ గేర్లు. నేను, నా భార్య, మోకాళ్ల నొప్పులున్న అమ్మ, నాన్న, ఎనిమిదేళ్ల అబ్బాయి వస్తాం. నడిపేది నేనొక్కడినే. ఘాట్ రోడ్డు మీద కొంత అలవాటు ఉంది కానీ పొగమంచులో ఎన్నడూ నడపలేదు.

వేసుకున్న ప్రణాళిక ఇది. మొదటి రోజు తెల్లవారుజామున బయల్దేరి మారేడుమిల్లి చూసుకుని, వెనక్కి రంపచోడవరం వచ్చి, రాత్రికి లంబసింగి చేరడం. రెండో రోజు తెల్లవారేసరికి లంబసింగి మంచు చూసి, పాడేరు, వంజంగి మీదుగా అరకు. మూడో రోజు బొర్రా గుహలు చూసి, విశాఖ మీదుగా రాత్రికి ఇల్లు చేరడం. ఇందులో ఏది కుదురుతుందో, ఏది కుదరదో అనుభవమున్నవారు చెప్పగలరు.

రెండో గేరు

గోదావరి గట్టు గారూ, మీ ప్రణాళికను కిలోమీటర్ల లెక్కన చూస్తే కుదురుతుంది, పగటి వెలుతురు లెక్కన చూస్తే కుదరదు. డిసెంబరు రెండో వారంలో పాడేరు ప్రాంతంలో సూర్యుడు ఆరుంబావు దాటాక ఉదయించి ఐదున్నర లోపే అస్తమిస్తాడు. అంటే మీ చేతిలో ఉండేది పదకొండు గంటల పగలు మాత్రమే. అందులోనూ పొద్దున పొగమంచు విడిచేదాకా ఒకటి రెండు గంటలు పోతాయి. కొండ మలుపుల్లో కుటుంబంతో వెళ్లే కారు, ఆగవలసిన చోట ఆగుతూ పోతే, గంటకు పాతిక ముప్పై కిలోమీటర్లకు మించి సాగదు. ఫోనులోని పటం చూపించే సమయాన్ని ఒకటిన్నర రెట్లు చేసుకుంటే కాస్త నిజానికి దగ్గరగా ఉంటుంది.

మొదటి రోజునే తీసుకోండి. రంపచోడవరం నుంచి మారేడుమిల్లి ముప్పై కిలోమీటర్ల లోపే కాబట్టి వెళ్లి రావడం సులువని అనిపిస్తుంది. కానీ అడవిలో దిగి కాసేపు తిరిగి, బొంగులో చికెన్ తిని, మళ్లీ రంపచోడవరం వచ్చేసరికి మధ్యాహ్నం దాటిపోతుంది. ఆ తర్వాత అడ్డతీగల, రాజవొమ్మంగి, కొయ్యూరు దాటి చింతపల్లి వైపు కొండ ఎక్కే సమయానికి చీకటి పడుతుంది. ఈ మొత్తం ప్రయాణంలో అడవి చిక్కగా, రోడ్డు ఎత్తుగా ఉండే భాగాన్నే మీరు హెడ్‌లైట్ల వెలుతురులో దాటుతారు. చూడాలని వెళ్లిన దారిని చూడకుండా దాటే ప్రణాళిక వేసుకోవడం ఎందుకు? మారేడుమిల్లిని పూర్తిగా వదిలేయండి. రాజమహేంద్రవరంలో ఉండేవారికి అది వేరే ఒక ఆదివారం పని.

తీరిక లేని ప్రయాణికుడు

అసలు రంపచోడవరం వైపే వెళ్లకండి. జాతీయ రహదారి 16 మీద తుని దాకా హాయిగా వెళ్లి, అక్కడి నుంచి నర్సీపట్నం మీదుగా లంబసింగి ఎక్కితే మధ్యాహ్న భోజనానికి కొండ మీద ఉంటారు. నర్సీపట్నం నుంచి లంబసింగికి సుమారు ముప్పై కిలోమీటర్లు, అందులో ఘాట్ భాగం ఇంకా తక్కువ. పెద్దవారికి అలసట ఉండదు, పిల్లవాడికి వాంతులూ తగ్గుతాయి.

అడవి దారి

పై సభ్యునితో ఏకీభవించలేను. ఆయన చెప్పిన దారి త్వరగా చేరడానికి మంచిదే కానీ, అడిగినవారు త్వరగా చేరే దారి అడగలేదు. రాజమహేంద్రవరం నుంచి విజయనగరం దాకా మన్యాన్ని నిలువునా కలుపుతూ వెళ్లే రహదారి 516ఈ ఒక్కటే. మైదానం నుంచి వెదురు, టేకు అడవిలోకీ, అక్కడి నుంచి కాఫీ తోటల్లోకీ, చివరికి అరకులోయ పొలాల్లోకీ చెట్లూ గాలీ మారుతూ వస్తాయి. తుని మీదుగా వెళితే ఈ మార్పులో మొదటి సగం చేజారుతుంది.

పైగా ఆ దారికి చరిత్ర ఉంది. 1922 ఆగస్టు 22న అల్లూరి సీతారామరాజు దళం చింతపల్లి పోలీసు స్టేషన్ మీద దాడి చేసింది. మర్నాడు కృష్ణదేవిపేట, ఆ మర్నాడు రాజవొమ్మంగి. మూడు రోజుల్లో మూడు స్టేషన్లు. ఈ రోడ్డు మీద కారులో వెళుతూ ఆ ఊళ్ల మధ్య దూరాలను, కొండలను చూసినప్పుడే, కాలినడకన ఆ మూడు రోజులు ఎలా సాగి ఉంటాయో ఊహకు అందుతుంది. 1924 మే 7న ఆయనను కాల్చి చంపింది కొయ్యూరు దగ్గర, సమాధి ఉన్నది కృష్ణదేవిపేటలో. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇవన్నీ చూపించగల దారి వదిలి తుని బైపాసు చూపించమంటారా?

రెండో గేరు

అడవి దారి గారి మాట కాదనలేను కానీ ఒక సంగతి కలపాలి. 516ఈని రెండు వరుసల రోడ్డుగా వెడల్పు చేసే పనులు భాగాలుగా జరుగుతూ వస్తున్నాయి. పని పూర్తయిన చోట చక్కటి తారు రోడ్డు, కాని చోట కంకర, మట్టి, ఒక పక్కన తవ్వి వదిలిన కొండ అంచు. ఏ ముక్క ఏ స్థితిలో ఉందో బయల్దేరే వారంలో ఆ దారిలో వచ్చినవారిని అడిగి తెలుసుకోవడమే మార్గం. నిరుటి వీడియోలు చూసి నిర్ణయించుకోవద్దు. కొత్తగా తవ్విన కొండవాలు వాన పడితే జారుతుంది కాబట్టి, ముందు రెండు రోజులు గట్టి వాన కురిసి ఉంటే రంపచోడవరం దారి మానేసి తీరిక లేని ప్రయాణికుడు గారు చెప్పినట్టు తుని మీదుగా వెళ్లడమే మేలు.

డిసెంబరులో వానేమిటని అనుకోవద్దు. బంగాళాఖాతంలో తుపానుల కాలం అప్పటికి పూర్తిగా ముగిసిపోదు. 2023లో మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది డిసెంబరు 5న. 2014 అక్టోబరులో హుద్‌హుద్ విశాఖ దగ్గర తీరం దాటినప్పుడు అరకు వైపు రోడ్లూ, రైలు మార్గమూ ఎంత దెబ్బతిన్నాయో ఇక్కడ చాలామందికి గుర్తుండే ఉంటుంది. తేదీలు ఖాయం చేసుకున్నా, అల్పపీడనం మాట వినిపిస్తే వారం వాయిదా వేసుకునే వీలు పెట్టుకోండి.

పాడేరు వాసి

నమస్కారమండీ. మా ఊరి మీదుగా వెళుతున్నారు కాబట్టి నాలుగు మాటలు.

మొదటిది బస. మన్యంలో హోటళ్లు తక్కువెందుకని చాలామంది అడుగుతుంటారు. ఇది షెడ్యూల్డు ప్రాంతం. 1970 నాటి ఒకటో నిబంధన, అంటే అందరూ ‘వన్ ఆఫ్ సెవెంటీ’ అనే చట్టం ప్రకారం, ఇక్కడి భూమి గిరిజనేతరుల చేతికి మారడానికి వీల్లేదు. అందువల్ల పెద్ద హోటళ్లు వరసకట్టవు. పర్యాటక శాఖ హరిత అతిథి గృహాలు, గిరిజన కుటుంబాలు నడిపే చిన్న బసలు, సీజనులో వేసే గుడారాలు, ఇవే ఎక్కువ. శని, ఆదివారాల్లో డిసెంబరు, జనవరి నెలల్లో ముందుగా గది ఖాయం చేసుకోకుండా రావద్దు. గుడారాలు కుర్రకారుకు బాగానే ఉంటాయి కానీ, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను నేల మీద పరుపులో పడుకోబెట్టడం నాకు నచ్చని పని. గది అడిగేటప్పుడు కింది అంతస్తులో ఉందా, వేడినీళ్లు ఉన్నాయా, మరుగుదొడ్డి పాశ్చాత్య పద్ధతిదా అని విడివిడిగా అడగండి. అన్నీ ఉన్నాయని ఒక్క మాటలో చెబితే నమ్మకండి.

రెండోది తనిఖీలు. గంజాయి రవాణాను అడ్డుకోవడానికి ఈ దారుల్లో పోలీసు చెక్‌పోస్టులు ఉంటాయి, కారు డిక్కీ తెరిపిస్తారు. కాగితాలు చేతికందేలా పెట్టుకుని నవ్వుతూ తెరిచి చూపించండి, ఐదు నిమిషాల పని. ముఖం తెలియనివారు ఏ పొట్లమైనా ఫలానా ఊళ్లో ఇవ్వమని అడిగితే మాత్రం, ఎంత మర్యాదగా అడిగినా తీసుకోవద్దు.

మూడోది వంజంగి. అక్కడ మేఘాల కొండకు కారు పైదాకా పోదు. కింద ఆపి చీకట్లోనే కొండ ఎక్కాలి. దారి రాళ్లు, మట్టి, మంచుకు తడిసి జారుతుంది. మీ అమ్మగారికి అది వద్దు. మీరూ అబ్బాయీ వెళ్లి రండి, పెద్దవాళ్లు పాడేరులో గదిలో ఉంటారు. ఇంకో సంగతి, లంబసింగి తెల్లవారుజామూ వంజంగి తెల్లవారుజామూ రెండూ ఒకే ప్రయాణంలో పెట్టుకోకండి. నడిపే మనిషి వరసగా రెండు రోజులు మూడున్నరకు లేచి ఘాట్ రోడ్డు నడపడం మంచిది కాదు.

వలిసెపూలు

పాడేరు వాసి గారికి వందనాలు. లంబసింగి గురించి నా అభిప్రాయం కొందరికి కోపం తెప్పించవచ్చు. అందరూ ‘ఆంధ్రా కాశ్మీర్’ అని చదివి, మంచు కురుస్తుందనుకుని వస్తారు. అక్కడ ఉండేది పొగమంచు, చలి తీవ్రంగా ఉన్న కొన్ని ఉదయాల్లో గడ్డి మీద గడ్డకట్టిన మంచు పొర. పత్రికల్లో కనిపించే ఉష్ణోగ్రతలు చాలాసార్లు చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానంలో నమోదైనవి. లంబసింగి అక్కడికి పందొమ్మిది ఇరవై కిలోమీటర్ల దూరం. ఆదివారం తెల్లవారుజామున లంబసింగి కూడలిలో కార్లు ఒకదాని వెనుక ఒకటి నిలిచిపోయి, పొగమంచులో పొగ కలిసి, హారన్ల మధ్య టీ తాగవలసి వస్తుంది. అదే మంగళ, బుధవారాల్లో వెళితే అదే ఊరు వేరేగా ఉంటుంది. ప్రయాణాన్ని సోమవారం మొదలుపెట్టగలిగితే సగం ఇబ్బందులు వాటంతటవే పోతాయి.

ఇంకా, ఎండ వచ్చాక వెళితే ఏమీ ఉండదన్నది నిజం కాదు. ఎనిమిది, తొమ్మిది గంటల మధ్య పొగమంచు లోయలోంచి పైకి లేస్తూ ముక్కలవుతున్నప్పుడు తాజంగి జలాశయం దగ్గర నిలబడి చూడండి. ముందు నీళ్ల మీద తెల్లటి పొర, దాని పైన అవతలి గట్టున చెట్ల తలలు మాత్రమే, కాసేపటికి కొండ నడుము, చివరికి నీటిలో కొండ నీడ. తెల్లవారుజాము చీకట్లో నిలబడ్డవారికి ఇదేదీ కనబడదు.

వలిసె అనే నూనెగింజ పంట పూల గురించి కూడా చెప్పాలి, పేరే పెట్టుకున్నాను కాబట్టి. అరకు చుట్టుపక్కల పసుపు రంగు చేలు నవంబరులో నిండుగా ఉంటాయి, డిసెంబరు మధ్యకల్లా చాలాచోట్ల పూత రాలడం మొదలవుతుంది. వాటి కోసమే అయితే ప్రయాణాన్ని నవంబరుకు జరుపుకోవాలి. మీరు వెళ్లే సమయానికి వాటి బదులు కాఫీ పళ్లు ఎర్రగా ఉంటాయి. సిల్వర్ ఓక్ చెట్ల నీడన కాఫీ, ఆ చెట్లనే పట్టుకుని పాకిన మిరియాల తీగ, ఈ మూడింటినీ ఒకే చోట చూడాలంటే పాడేరు దగ్గర మినుములూరు వైపు, లేదా అరకు నుంచి దిగేటప్పుడు సుంకరమెట్ట దగ్గర ఆగండి. పళ్లు కోయవద్దు, ఒక్కొక్క చెట్టూ ఒక కుటుంబం రాబడి.

గోదావరి గట్టు

అందరికీ కృతజ్ఞతలు. మారేడుమిల్లి తీసేశాను. ప్రయాణాన్ని సోమవారం మొదలుపెట్టడానికి సెలవు దొరుకుతుంది, అవసరమైతే ఇంకో రోజు కూడా అడగగలను. రెండు ప్రశ్నలు మిగిలాయి. మొదటిది, మొదటి రాత్రి ఎక్కడ ఆగాలి? రెండోది, దిగుడులో బ్రేకుల గురించి నాకు భయం ఉంది. ఘాట్ రోడ్లలో ‘బ్రేకులు పడలేదు’ అన్న వార్త తరచూ చదువుతుంటాం. నిజంగా బ్రేకులు ఎందుకు పడవు?

రెండో గేరు

పేరుకు తగ్గ ప్రశ్న వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

కారు కొండ దిగేటప్పుడు దాని వేగాన్ని బ్రేకులతోనే ఆపుతూ పోతే, ఆ శక్తి అంతా ప్యాడ్ల దగ్గర, డిస్కుల దగ్గర వేడిగా మారుతుంది. వేడి ఒక హద్దు దాటాక ప్యాడ్ల పట్టు తగ్గుతుంది. ఇంకా వేడెక్కితే బ్రేకు ఆయిలు మరిగి అందులో ఆవిరి బుడగలు పుడతాయి. ద్రవాన్ని నొక్కితే ఒత్తిడి చక్రాల దాకా పోతుంది, ఆవిరిని నొక్కితే అది కుదించుకుపోతుంది. అప్పుడు పెడలు స్పాంజి మీద కాలు పెట్టినట్టు మెత్తగా లోపలికి దిగిపోతుంది తప్ప కారు ఆగదు. బ్రేకు ఆయిలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పాతబడేకొద్దీ తక్కువ వేడికే మరుగుతుంది. అందుకే దాన్ని మార్చి రెండేళ్లు దాటి ఉంటే బయల్దేరే ముందే మార్పించండి, ప్యాడ్ల మందం కూడా చూపించండి.

నడిపే పద్ధతి చెబుతాను. ఏ గేరులో ఎక్కవలసిన వాలో దాదాపు అదే గేరులో దిగాలి. దిగుడు మొదలవకముందే రెండో గేరులో పడిపోండి, మధ్యలో వేగం పెరిగాక మార్చాలని చూడవద్దు. ఇంజను కాస్త గట్టిగా మోగుతుంది. మోగనివ్వండి, మీ బ్రేకుల పని అది చేస్తోంది. బ్రేకు మీద కాలు ఆనించి ఉంచకుండా, మలుపుకు ముందు గట్టిగా ఒకసారి నొక్కి వదలాలి. పెట్రోలు మిగులుతుందని న్యూట్రల్‌లో దింపడం అన్నిటికన్నా ప్రమాదం. ఇప్పటి ఇంజన్లు గేరులో ఉండి యాక్సిలరేటరు వదిలినప్పుడు ఇంధన సరఫరాను దాదాపు ఆపేస్తాయి కాబట్టి ఆ పొదుపు కూడా భ్రమే. కాలిన వాసన వస్తే వెడల్పయిన చోట పక్కకు తీసి, గేరులో ఉంచి, చక్రాల కింద రాయి పెట్టి, బ్రేకులను గాలికే చల్లారనివ్వండి. వేడి డిస్కుల మీద నీళ్లు పోస్తే అవి వంకరపోతాయి.

ఎదురుగా వాహనం వచ్చి దారి ఇద్దరికీ చాలనప్పుడు, ఎక్కేవారికే ముందు దారి ఇవ్వాలి. అది మర్యాద మాత్రమే కాదు, 2017 నాటి డ్రైవింగ్ నిబంధనల్లోనూ ఉన్నదే. మలుపు కనబడని ప్రతిచోటా హారన్ కొట్టండి, ఎదుటివారి హారన్ వినబడేలా అద్దం కాస్త దించి, పాటలు ఆపి ఉంచండి. పొగమంచులో హై బీమ్ వేస్తే వెలుతురు తిరిగి మీ కళ్లలోనే పడుతుంది. లో బీమ్, ఫాగ్ లైట్లు ఉంటే అవి, ఎడమ అంచు గీత చూసుకుంటూ నెమ్మదిగా వెళ్లాలి. కదులుతున్న కారుకు నాలుగు వైపులా ఇండికేటర్లు వెలిగించి పెట్టడం మనవాళ్లకు అలవాటైపోయింది కానీ, అలా చేస్తే మీరు ఆగారో, ఎటు తిరుగుతున్నారో వెనుకవారికి తెలియదు. పొగమంచు మరీ చిక్కబడితే ఆగడమే. అయితే మలుపులో కాదు, రోడ్డు మీదా కాదు.

అడవి దారి

మొదటి రాత్రి ప్రశ్నకు నా సలహా. రంపచోడవరం, అడ్డతీగల, రాజవొమ్మంగి మీదుగా పగలంతా నిదానంగా వచ్చి, సాయంత్రానికి కృష్ణదేవిపేటలో అల్లూరి స్మారకం చూసుకుని, వెలుతురు ఉండగానే నర్సీపట్నం దిగిపోండి. అది మైదానంలో ఉన్న పట్నం. గదులు, పెట్రోలు, మందుల దుకాణం, మెకానిక్ అన్నీ దొరుకుతాయి. కొండ కింద పడుకుని మర్నాడు ఏడున్నరకు ఘాట్ ఎక్కితే, వలిసెపూలు గారు వర్ణించిన సమయానికి తాజంగి దగ్గర ఉంటారు. అక్కడి నుంచి చింతపల్లి, తర్వాత వెనక్కి తిరగకుండా పాడేరు. తీరిక లేని ప్రయాణికుడు గారి మాట కూడా సగం నెగ్గినట్టే, ఆయన చెప్పిన ఘాటే ఎక్కుతున్నారు.

తీరిక లేని ప్రయాణికుడు

సగం నెగ్గడం కూడా నెగ్గడమే. పిల్లవాడి గురించి ఒక మాట. ఘాట్ రోడ్డులో వాంతులు రావడానికి కారణం కళ్లు ఒకటి చెబుతుంటే చెవి లోపలి భాగం ఇంకొకటి చెప్పడం. ఫోను చేతికివ్వకండి. వెనుక సీటు మధ్యలో, ముందు అద్దంలోంచి దూరంగా రోడ్డు కనబడేలా, బెల్టు పెట్టి కూర్చోబెట్టండి. ఖాళీ కడుపూ వద్దు, నిండు కడుపూ వద్దు. మాత్ర వేయాలనుకుంటే బయల్దేరేముందే వేయాలి కాబట్టి మోతాదు డాక్టరును ముందుగా అడిగి పెట్టుకోండి. నడిపేవారు మాత్రం ఆ మాత్ర వేసుకోకూడదు, నిద్ర వస్తుంది.

ఇంకొకటి, అమ్మగారినీ నాన్నగారినీ అరకు నుంచి రైల్లో విశాఖ పంపితే ఘాట్ శ్రమ తప్పుతుంది కదా?

పాడేరు వాసి

రైలు ఆలోచన మంచిదే కానీ దిశ తప్పు. విశాఖ నుంచి పొద్దున వచ్చే కిరండూల్ రైలులో సొరంగాలు, లోయలు వెలుతురులో కనిపిస్తాయి. తిరుగు రైలు అరకు చేరేసరికే సాయంత్రమవుతుంది. డిసెంబరులో కాసేపటికే చీకటి, ఆ తర్వాత చూసేదేమీ ఉండదు, విశాఖ చేరేసరికి రాత్రి. కారులోనే అనంతగిరి ఘాట్ పగలు దిగితే గాలికొండ, డముకు వ్యూపాయింట్ల దగ్గర ఆగి కూర్చోవచ్చు. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఉన్నాయి, తడిగానూ ఉంటాయి. అమ్మగారు పైన ముఖద్వారం దగ్గర కూర్చుని చూసినా దాని ఎత్తూ వెడల్పూ తెలుస్తాయి.

పాడేరు నుంచి అరకు యాభై కిలోమీటర్ల లోపే కాబట్టి ఆ రోజు తొందర పడవలసిన పని లేదు. వంజంగి దిగి, స్నానం చేసి, టిఫిను తిని పదింటికి బయల్దేరినా మధ్యాహ్నానికి చేరతారు. సంత జరిగే ఊళ్లో మాత్రం రోడ్డు మీదే జనం ఉంటారు, హారన్‌తో తోసుకుపోకండి.

దోమల మందు తెచ్చుకోండి. మన్యంలో మలేరియా ఇంకా ఉంది. ఇంటికి వెళ్లాక కొన్ని వారాల తర్వాతైనా జ్వరం వస్తే, ఎక్కడికి వెళ్లి వచ్చారో డాక్టరుకు చెప్పి రక్తపరీక్ష చేయించుకోండి.

గోదావరి గట్టు

అయితే ఇలా స్థిరపరుస్తున్నాను. సోమవారం రంపచోడవరం, రాజవొమ్మంగి, కృష్ణదేవిపేట, రాత్రికి నర్సీపట్నం. మంగళవారం లంబసింగి, తాజంగి, చింతపల్లి, రాత్రికి పాడేరు. బుధవారం తెల్లవారుజామున నేనూ అబ్బాయీ వంజంగి, మధ్యాహ్నానికి అందరం అరకు. గురువారం సుంకరమెట్ట, గాలికొండ, బొర్రా, సాయంత్రానికి విశాఖలో మా చెల్లెలి ఇల్లు. శుక్రవారం జాతీయ రహదారి మీద ఇల్లు. ముందు రెండు రోజులు గట్టి వాన పడితే సోమవారం తుని మీదుగా. చివరగా, ఫోను సిగ్నలు, పెట్రోలు సంగతి ఎవరైనా చెబుతారా?

రెండో గేరు

ట్యాంకు సగానికి తగ్గిన ప్రతిసారీ, తర్వాతి ఊళ్లో చూద్దామనుకోకుండా, కనబడిన బంకులో నింపండి. నర్సీపట్నంలో బయల్దేరేటప్పుడు నిండుగా ఉండాలి. సిగ్నలు మధ్య మధ్య పూర్తిగా పోతుంది కాబట్టి పటాన్ని ముందే ఫోనులోకి దించుకుని, గదుల నంబర్లు కాగితం మీద రాసి పెట్టుకోండి. ఇద్దరి ఫోన్లలో వేర్వేరు కంపెనీల సిమ్ములుంటే ఇంకా మంచిది. స్టెప్నీలో గాలి ఉందో లేదో చూసి, ఇంటి దగ్గరే ఒకసారి జాకీ పెట్టి చక్రం విప్పి చూడండి. బిగుసుకుపోయిన నట్లు రాజవొమ్మంగి అడవిలో కాకుండా అక్కడే బయటపడతాయి.

పాడేరు వాసి

పాడేరులో గది దొరక్కపోతే ఇక్కడే రాయండి, ఎవరిని అడగాలో చెబుతాను.